చైనా రష్యా పక్షమే అయితే క్రిమియాని ఎందుకు ఒప్పుకోదు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్తే. నేను పర్లాకిమిడిలో సాయంత్రం బ్యాచ్‌కి కరెంట్ అఫైర్స్ చెప్తుంటాను, ఓపీఎస్సీకీ బ్యాంకు పరీక్షలకీ చదివే పిల్లలు, పాతపట్నం వైపు నుంచి కూడా కొందరు వస్తారు. మొన్న ఉక్రెయిన్ యుద్ధం చెప్తుంటే ఒకమ్మాయి లేచి అడిగింది, సార్ చైనా రష్యా అంత దోస్తులైతే ఉక్రెయిన్ నుంచి లాక్కున్న క్రిమియా రష్యాదేనని చైనా ఇప్పటికీ ఎందుకు ఒప్పుకోలేదు, పోనీ ఒప్పుకోలేదు కదా, మరి రష్యా చేసింది తప్పు అని ఎందుకు అనదు అని. నాకు తెలిసింది చెప్పాను. 2022 ఫిబ్రవరి 4న వింటర్ ఒలింపిక్స్ మొదలైన రోజే పుతిన్ బీజింగ్ వెళ్లి జిన్‌పింగ్‌తో కలిసి మా స్నేహానికి హద్దుల్లేవు అని ప్రకటన ఇచ్చారు, ఇరవై రోజులకి యుద్ధం మొదలైంది, మార్చి 2న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో 141 దేశాలు రష్యాకి వ్యతిరేకంగా ఓటేస్తే చైనా ఎటూ వెయ్యకుండా ఊరుకుంది, 2023 ఫిబ్రవరిలో 12 పాయింట్లతో శాంతి పేపర్ పెట్టింది. ఇలా డేట్ల వారీగా అయితే గడగడా చెప్పేస్తాను గానీ లోపల లెక్క ఏటో ఆ అమ్మాయికి తెలిసేలా చెప్పలేకపోయాను, అది నాకు బాగా బాధగా ఉంది. టీవీ డిబేట్లలో ఒకాయన రష్యా చైనా చేతిలో పడిపోయింది అంటాడు, ఇంకొకాయన చైనాది గోడ మీద పిల్లి వాటం అంటాడు. ఏది నిజం? పరీక్షలో రాసుకోడానికే కాదు, పిల్లలకి విషయం అర్థం కావాలి. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రాయగడ మాష్టారు:

బాబూ, నీ దగ్గర చదివే ఆ అమ్మాయి ముడి ఎక్కడుందో సరిగ్గా అక్కడే పట్టుకుంది, నా తరఫున మెచ్చుకో. నేను చరిత్ర చెప్పి రిటైరయినవాణ్ణి కాబట్టి అటువైపు నుంచి మొదలెడతాను.

ముందు మ్యాప్ తియ్యి. రష్యా చైనాల సరిహద్దు 4200 కిలోమీటర్ల పైమాటే. ఆ సరిహద్దు ఎప్పుడూ ఇప్పట్లా చల్లగా లేదు. 1969లో ఉసూరి నదిలో ఒక చిన్న లంక కోసం (రష్యన్లు దమాన్‌స్కీ అంటారు, చైనా వాళ్లు జెన్‌బావో అంటారు) రెండు కమ్యూనిస్టు దేశాల సైనికులూ ఒకరినొకరు కాల్చుకున్నారు, అప్పటికే ఇద్దరి దగ్గరా అణుబాంబులున్నాయి. 1972లో నిక్సన్‌కి బీజింగ్‌లో తలుపులు తెరుచుకున్నాయంటే దాని వెనక ఉన్నది ఆ భయమే. తర్వాత మెల్లమెల్లగా మాట్లాడుకుని, కొలుచుకుని, చివరి ముక్క తేలేసరికి 2008 అయ్యింది. ఇప్పుడు చైనాకి అసలు పోటీ అమెరికాతో, అదీ సముద్రం వైపు, తైవాన్ దగ్గర. అలాంటప్పుడు ఉత్తరాన సైన్యాన్ని గుమిగూడ్చాల్సిన పని లేకపోవడం బీజింగ్‌కి ఎంత విలువైందో ఆలోచించు. రష్యా చిత్తుగా ఓడిపోయి మాస్కోలో అమెరికాకి దగ్గరైన ప్రభుత్వం వస్తే ఆ 4200 కిలోమీటర్లూ మళ్లీ తలనొప్పే. అందుకని రష్యా ఓడిపోవడం చైనాకి వద్దు.

కానీ క్రిమియా సంగతి వేరు. 2014లో రష్యా అక్కడ రెఫరెండం, అంటే జనం చేత ఓటు, పెట్టి కలిపేసుకుంది. చైనా రోజూ చెప్పేది ఏంటి, తైవాన్ మాదే, అక్కడి జనం ఓటేసి విడిపోతామంటే కుదరదు అని. టిబెట్, షిన్‌జియాంగ్ కూడా ఉన్నాయి. అలాంటి దేశం ఇంకోచోట రెఫరెండంతో భూమి చేతులు మారడాన్ని సంతకం పెట్టి ఒప్పుకుంటే రేపు ఆ సంతకమే దాని మెడకి చుట్టుకుంటుంది. అందుకే 2014 మార్చిలో భద్రతా మండలిలో ఆ రెఫరెండం చెల్లదన్న తీర్మానం వస్తే రష్యా వీటో చేసి ఆపేసింది, చైనా ఎటూ వెయ్యలేదు. 2022 సెప్టెంబరులో నాలుగు ఉక్రెయిన్ ప్రాంతాల్ని కలుపుకున్నప్పుడూ అదే. అంతకుముందు 2008లో జార్జియా నుంచి విడగొట్టిన అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియాలని కూడా చైనా గుర్తించలేదు. ఇది పుతిన్ మీద కోపంతో కాదు, తన ఇంటి భయంతో.

రష్యా ఓడిపోకూడదు, అలాగని రష్యా చేసిన పని ప్రపంచానికి రూలు అయిపోకూడదు. చైనాకి ఈ రెండూ ఒకేసారి కావాలి. దాని మాటల్లో మనకి కనిపించే తిరకాసంతా ఇక్కడిదే.

ఇంకొకటి మర్చిపోతారు అందరూ. ఉక్రెయిన్ చైనాకి పరాయి దేశమేమీ కాదు. యుద్ధానికి ముందు ఉక్రెయిన్‌కి అతిపెద్ద వ్యాపార భాగస్వామి చైనాయే, మొక్కజొన్న ఓడలకి ఓడలు వెళ్లేవి. చైనా మొదటి విమాన వాహక నౌక లియావోనింగ్ ఉంది చూడు, దాని బాడీ ఉక్రెయిన్ దగ్గర కొన్నదే, సగం కట్టి వదిలేసిన సోవియట్ ఓడ. 2013 డిసెంబరులో ఉక్రెయిన్‌తో ఒప్పందం కూడా చేసుకుంది, మీ మీద ఎవరైనా అణ్వస్త్రాలతో బెదిరిస్తే మేం భరోసా ఇస్తాం అని. ఆ కాగితం ఏమైందని ఇప్పుడు అడిగేవాళ్లు లేరు.

పొట్టంగి రోడ్డు (కొరాపుట్ జిల్లా):

మాష్టారు చెప్పిన సంతకం మాట మా వైపు వాళ్లకి చాలా తేలిగ్గా ఎక్కుతుందండి. ఆంధ్రా, ఒడిశా రెండూ మావే అనే కొటియా ఊళ్ల సంగతి మీ పిల్లలకి తెలిసే ఉంటుంది. ఒక ఇంట్లోనే ఆంధ్రా రేషన్ కార్డు, ఒడిశా రేషన్ కార్డు రెండూ కనిపిస్తాయి, వాళ్ల సంతలు సాలూరు వైపు, ఆఫీసు పని పొట్టంగి వైపు. కింద ఏం జరిగినా రెండు ప్రభుత్వాలూ చూసీ చూడనట్టే ఉంటాయి గానీ ఈ ఊరు మీది అని కాగితం మీద మాత్రం ఒక్క అక్షరం రాసివ్వరు, 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చైనా కూడా అంతే, ఆయిలు కొంటుంది, మెషీన్లు అమ్ముతుంది, పుతిన్‌ని పిలిచి భోజనం పెడుతుంది, క్రిమియా మీద మాత్రం సంతకం పెట్టదు. ఎందుకంటే మిగతావన్నీ రేపు ఆపేసుకోవచ్చు, సంతకం వెనక్కి రాదు.

గోపాల్‌పూర్ రోడ్డు (బరంపురం):

మాష్టారూ, మీరు చెప్పిన చరిత్రంతా ఒప్పుకుంటాను గానీ ఇలా చెప్తే చైనా ఏదో పాపం ఇరుకులో పడి నలిగిపోతోంది అన్నట్టు వినిపిస్తుంది, అది నాకు నచ్చలేదు, పిల్లలకి అలా వెళ్లకూడదు.

మా పిన్ని కొడుకు అప్పుడు ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. మెట్రో స్టేషన్‌లో నేల మీద పడుకున్నారు. మార్చి 2న మన ఎంబసీ వెంటనే ఖార్కివ్ వదిలెయ్యండి, బండి దొరక్కపోతే నడిచైనా సరే పెసోచిన్ చేరండి అని చెప్పింది, బాంబులు పడుతుంటే వీళ్లంతా ఆ మంచులో నడిచారు. ఆ ముందురోజే కర్ణాటక అబ్బాయి ఒకడు తిండి కోసం బయటికెళ్లి చనిపోయాడు. మావాడు ఫోన్ చేస్తే మా పిన్ని గుండె ఆగిపోయినంత పనయ్యేది. అదే రోజుల్లో చైనా ఎంబసీ ఏం చేసిందో తెలుసా, మొదటి రోజు తన జనానికి కార్ల మీద చైనా జెండా అంటించుకుని వెళ్లండి అంది, రెండు రోజులు తిరక్కుండానే ఎవరికీ మీ దేశం పేరు తెలియనివ్వకండి అని మాట మార్చింది. ఉక్రెయిన్ జనంలో వాళ్ల మీద అంత కోపం వచ్చింది మరి. యుద్ధం సంగతి చైనాకి ముందే మొత్తం తెలుసు అనేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి, తెలిసుంటే ఆరు వేల మంది సొంత జనాన్ని అక్కడే ఉంచేస్తారా.

సరే అది పక్కన పెట్టండి. యుద్ధం మొదలయ్యాక జిన్‌పింగ్ ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీకి మొదటిసారి ఫోన్ చేసింది 2023 ఏప్రిల్ 26న. 14 నెలలు! ఒక్క ఫోన్ కాల్‌కి. ఈలోపు పుతిన్‌ని సమర్‌ఖండ్‌లో కలిశాడు, మాస్కో వెళ్లి మూడు రోజులున్నాడు, అదీ ఎప్పుడు, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు పుతిన్ మీద అరెస్ట్ వారంట్ ఇచ్చిన మూడు రోజులకి. ఇద్దరితోనూ మాట్లాడేవాణ్ణి అనిపించుకోవాలంటే ఇద్దరితోనూ మాట్లాడాలి కదా.

ఇక ఆయుధాలు. తుపాకులూ మిసైళ్లూ నేరుగా పంపినట్టు చైనా ఎప్పుడూ ఒప్పుకోలేదు, అలాంటి సరుకు ఎగుమతుల మీద మాకు కంట్రోల్ ఉంది అంటుంది. కానీ ఫ్యాక్టరీలో ఆయుధం తయారవ్వాలంటే కావాల్సిన లేత్ లాంటి మెషీన్లు, చిప్‌లు, డ్రోన్ మోటార్లు, కెమెరా లెన్సులు, ఇవన్నీ పడమటి దేశాలు ఆపేశాక రష్యాకి ఎక్కణ్ణుంచి వచ్చాయి? 2024 జులైలో నాటో దేశాలన్నీ వాషింగ్టన్‌లో కూర్చుని రష్యా యుద్ధానికి చైనాయే నిర్ణాయక అండ అని రాసి మరీ చెప్పాయి. నాటోకి చైనా అంటే పడదు, నిజమే, కానీ ఆ సరుకు వెళ్లడం అబద్ధం కాదు. డ్రోన్ విడిభాగాలు ఉక్రెయిన్ కూడా చైనావే కొంటోంది, అది కూడా చెప్పాలి, లేకపోతే నేను ఒకవైపే చెప్పినట్టు అవుతుంది. కానీ 2023లో చైనా డ్రోన్ ఎగుమతుల మీద రూల్స్ బిగించాక ఎవరికి ఎక్కువ కష్టమైందో చూడండి, పక్కనే సరిహద్దు ఉన్నవాడికి కాదు.

గుణుపురం ఎరువుల కొట్టు:

అమ్మా, మీ ఇంట్లో పడిన బాధ చదివాను, అది ఎవరూ కాదనరు. కానీ నేను ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మనం మాత్రం ఏం చేశాం? 2022 మార్చి 2న ఎటూ వెయ్యని 35 దేశాల్లో చైనా పక్కన మనమూ ఉన్నాం. యుద్ధానికి ముందు మనం కొనే ఆయిల్లో రష్యా వాటా 2 శాతం లోపు, రెండేళ్లు తిరిగేసరికి మూడో వంతు దాటింది. నా కొట్టులో సంగతే చెప్తాను, 2022లో పొటాష్ బస్తా 1700 అయ్యింది, ఎర్ర పొటాష్ రష్యా, బెలారస్ నుంచి కూడా బాగా వచ్చేది కదా, వరికి చివరి దఫా పొటాష్ వెయ్యకుండా వదిలేసిన రైతులు మా చుట్టుపక్కల ఎంతమందో. చైనా తన ఫాస్ఫేట్ ఎగుమతులు బిగించేస్తే డీఏపీకి కూడా మనం రష్యా వైపు చూశాం. రైతుకి యుద్ధం ఎవరు మొదలెట్టారో అక్కర్లేదు, సీజన్‌కి బస్తా కావాలి. మనం చేస్తే దేశ ప్రయోజనం, చైనా చేస్తే కుట్ర అని పిల్లలకి చెప్తే అది పాఠం అవుతుందా?

రాయగడ మాష్టారు:

గుణుపురం బాబు అడిగింది న్యాయమైన ప్రశ్న, దాటెయ్యకూడదు. ఓటు ఒకటే, ఆయిలు ఒకటే, ఆంక్షల్లో చేరకపోవడం ఒకటే. తేడా ఎక్కడుందో చెప్తాను.

2022 ఏప్రిల్ 7న మానవ హక్కుల మండలి నుంచి రష్యాని తప్పించే ఓటు జరిగింది. మనం ఎటూ వెయ్యలేదు, చైనా తప్పించొద్దు అని రష్యా వైపు వేసింది. సెప్టెంబరులో సమర్‌ఖండ్‌లో మన ప్రధాని పుతిన్ ఎదురుగా కూర్చుని ఇది యుద్ధాల కాలం కాదు అన్నారు. అక్కడే జిన్‌పింగ్‌తో మాట్లాడుతూ పుతిన్ మీకున్న ప్రశ్నలూ ఆందోళనలూ మాకు అర్థమయ్యాయి అన్నాడు, అంటే చైనా లోపల ఏదో అడిగింది, బయటికి మాత్రం ఒక్క ముక్క రానివ్వలేదు. మన ప్రధాని 2024 ఆగస్టులో కీవ్ వెళ్లారు, జిన్‌పింగ్ యుద్ధం మొదలయ్యాక కీవ్ మొహం చూడలేదు. మనకి సైన్యంలో సగానికి సగం సరుకు రష్యాది, విడిభాగాలు ఆగితే ట్యాంకులు ఆగిపోతాయి, ఆ అవసరం మనది. చైనాకి ఆ ఇబ్బంది లేదు, తన ఆయుధాలు తనే చేసుకుంటుంది. పైగా వీటో ఉన్న దేశం. రష్యాని గట్టిగా అడగగలిగే బలం ఉన్నవాడు అడగకపోవడం, అంత బలం లేనివాడు అడగకపోవడం ఒకటి కాదు. మనం చేసిందంతా రైటని నేను అనడం లేదు, బరంపురం అమ్మాయి మన ఓటు మీద కూడా కోప్పడితే నేను కాదనను.

గోపాల్‌పూర్ రోడ్డు (బరంపురం):

కోపమే మాష్టారూ, మన ఓటు మీద కూడా. అయితే శిక్ష ఎవరికి పడిందో చూడండి. 2025 ఆగస్టులో రష్యా ఆయిలు కొంటున్నారని అమెరికా మన సరుకు మీద ఇంకో 25 శాతం వేసి మొత్తం 50 చేసింది, మా గంజాం తీరంలో రొయ్యల చెరువుల వాళ్లు పంట పట్టాలా వద్దా అని తలలు పట్టుకున్నారు. మనకంటే ఎక్కువ రష్యా ఆయిలు కొనే చైనా మీద ఆ పేరుతో వెయ్యలేదు. చైనా దగ్గర రేర్ ఎర్త్ లోహాలున్నాయి, అవి ఆపితే అమెరికా కార్ల ఫ్యాక్టరీలు ఆగుతాయి.

జయపురం బ్యాంకు ఉద్యోగి:

అందరూ ఓట్లూ మాటలూ చెప్పారు కాబట్టి నేను డబ్బు వైపు చెప్తాను, ఎందుకంటే చైనా నిజంగా ఎక్కడ ఆగిందో అక్కడే తెలుస్తుంది.

2021లో రష్యా చైనా వ్యాపారం సుమారు 147 బిలియన్ డాలర్లు, 2023కి 240 అయ్యింది. రష్యా రోడ్ల మీద జర్మనీ, జపాన్, కొరియా కార్లు పోయి చైనా కార్లు వచ్చాయి. చూస్తే హద్దుల్లేవనే అనిపిస్తుంది. కానీ 2023 డిసెంబరులో అమెరికా ఒక ఆర్డర్ ఇచ్చింది, రష్యా ఆయుధ పరిశ్రమకి పేమెంట్లు నడిపించే విదేశీ బ్యాంకు ఏదైనా సరే డాలర్ వ్యవస్థ నుంచి బయటికి పంపుతాం అని. అంతే, 2024లో చైనా పెద్ద బ్యాంకులు రష్యా పేమెంట్లు వెనక్కి పంపడం, వారాల తరబడి ఆపడం మొదలెట్టాయి, అదీ డాలర్లు కాదు, సొంత యువాన్ పేమెంట్లు. ఈ పని తెలియనివాళ్లకి ఒక్కటి చెప్తాను, మా బ్రాంచిలోనే బయటి దేశం నుంచి చిన్న మొత్తం వచ్చినా పంపినవాడి పేరు ఆంక్షల లిస్టులో పేరుతో కలుస్తుందేమో సిస్టమ్ చూస్తుంది, స్పెల్లింగ్ దగ్గరగా ఉన్నా చాలు అక్కడే ఆగిపోతుంది, కాగితాలన్నీ పై ఆఫీసు చూసి సరే అంటే గానీ కదలదు. ఒక మామూలు బ్రాంచికే అంత భయం ఉంటే రోజూ బిలియన్లు తిప్పే బ్యాంకు రష్యా కోసం డాలర్ వదులుకుంటుందా. వ్యాపారం ఆగలేదు, సరిహద్దు దగ్గర ఊరూ పేరూ లేని చిన్న బ్యాంకులకి మళ్లింది. 2025 జులైలో యూరప్ అలాంటి రెండు చిన్న చైనా బ్యాంకుల్ని లిస్టులో పెట్టింది. యూరప్‌తో చైనా సరుకుల వ్యాపారం ఏడాదికి 700 బిలియన్ యూరోలు దాటుతుంది మరి, రష్యాతో ఉన్నదానికి మూడింతలు. పాము చావకూడదు కర్ర విరగకూడదు అంటారే, ఇక్కడ కర్ర అంటే ఆ యూరప్ మార్కెట్టూ డాలరూ.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ఇంత వివరంగా రాసిన మీ అందరికీ చాలా థ్యాంక్స్. ఒక్కటే ఇంకా అర్థం కాలేదు. రష్యా ఇంతగా చైనా మీద ఆధారపడిపోయాక చైనా దాన్ని ఆదుకున్నట్టా, వాడుకున్నట్టా? గ్యాస్ పైప్‌లైన్ గురించి ఏళ్ల తరబడి వింటున్నాం, ఇంకా తేలలేదేటి?

జయపురం బ్యాంకు ఉద్యోగి:

మీ ప్రశ్నకి జవాబు ఆ పైప్‌లైన్ కథే. మొదటి పైప్‌లైన్, పవర్ ఆఫ్ సైబీరియా, ఒప్పందం 2014 మేలో అయ్యింది, అంటే క్రిమియా కలుపుకుని పడమటి దేశాలతో చెడిన రెండు నెలలకే. ఏళ్ల తరబడి ధర దగ్గర తెగని బేరం అప్పుడు తెగింది. 2019 చివర్లో గ్యాస్ మొదలైంది, ఏడాదికి 38 బిలియన్ ఘనపు మీటర్లు దాని సామర్థ్యం. ఇప్పుడు రెండోది, మంగోలియా మీదుగా, 50 బిలియన్లు. ఈ గ్యాస్ వచ్చేది యమల్ వైపు బావుల నుంచి, ఒకప్పుడు యూరప్‌కి వెళ్లిన గ్యాస్ అక్కడిదే. యూరప్ కొనడం చాలావరకు మానేసింది కాబట్టి రష్యాకి ఇది తొందర. చైనాకి తొందర లేదు, తుర్క్‌మెనిస్తాన్ గ్యాస్ వస్తోంది, ఓడల్లో ఎల్ఎన్‌జీ, అంటే ద్రవంగా మార్చిన గ్యాస్, వస్తోంది, సొంత ఉత్పత్తి ఉంది. యుద్ధం మొదలయ్యాక పుతిన్ ఇది మళ్లీ మళ్లీ కదిపాడు, 2025 సెప్టెంబరులో బీజింగ్‌లో ఒక మెమొరాండం సంతకమైందని రష్యా గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ చెప్పింది, కానీ ధర సంగతి తర్వాత మాట్లాడుకుంటాం అన్నారు. కొనేవాడు ఒక్కడే మిగిలాక ధర ఎవరి చేతిలో ఉంటుందో పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. ఆదుకుంటూనే వాడుకుంటోంది అని నేనైతే నమ్ముతున్నాను, ఆ రెండూ వేరుచేసి చూపించడం కష్టం.

గోపాల్‌పూర్ రోడ్డు (బరంపురం):

సార్, ఒక్క రిక్వెస్ట్. ఆ 12 పాయింట్ల పేపర్ గురించి చెప్పి వదిలెయ్యకండి, దగ్గర పెట్టుకుని చదివించండి. మొదటి పాయింటే అన్ని దేశాల సార్వభౌమత్వాన్నీ, భూభాగాన్నీ గౌరవించాలి అని. అణ్వస్త్రాలు వాడకూడదు, అణు విద్యుత్ కేంద్రాల మీద దాడి చెయ్యకూడదు అని కూడా ఉంది, అవి మంచి మాటలే, 2022 నవంబరులో జర్మనీ ఛాన్సలర్ ఎదుట జిన్‌పింగ్ అణు బెదిరింపులు వద్దన్నప్పుడు నాకూ ఊరటగా అనిపించింది. కానీ పేపర్ మొత్తం వెతికినా రష్యా సైన్యం వెనక్కి వెళ్లాలి అన్న వాక్యం ఒక్కటి లేదు. ఒకరి ఇంట్లోకి సైన్యం వచ్చి కూర్చుంటే ఎక్కడున్న వాళ్లు అక్కడే ఆగి మాట్లాడుకోండి అనడం ఎవరికి లాభమో పిల్లల్నే అడగండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

తప్పకుండా అండీ. చైనా విదేశాంగ శాఖ సైట్‌లో ఇంగ్లిష్‌లో ఉంది, ఇప్పుడే డౌన్‌లోడ్ చేశాను, రెండు పేజీల ప్రింట్ కూడా లేదు. సోమవారం బ్యాచ్‌లో అందరికీ తలో కాపీ ఇచ్చి ఆ అమ్మాయి చేతే పైకి చదివిస్తాను, ఏప్రిల్ 7 ఓటు, బ్యాంకుల సంగతీ బోర్డు మీద రాస్తాను. వాళ్లు ఇంకేమైనా అడిగితే మళ్లీ ఇక్కడికే వస్తాను.